మన ఇంటి పాత కారు: కొండ ఎక్కడం, దిగడం, షెడ్డులోంచి మళ్లీ కదలడం

(తిరుపతిలో పాత కార్లు ఉంచుకున్న కుటుంబాలవారి ముందు ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఈ వరస ఖాళీగానే ఉంది.

మన జిల్లాల్లో ఇంటి కారు మాట ఎత్తితే ముందు వచ్చేది కొండ మాట. తాతగారి అంబాసిడర్ ఘాట్‌లో ఆవిర్లు కక్కింది, చిన్నాన్న ఫియట్ మొగిలి ఘాట్ సగంలో ఆగిపోయింది, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తే మళ్లీ లేచింది. ఇంటింటా ఇవే కథలు, బండి పేరే మారుతుంది. ఈ పూట ఆ కథల్ని మెకానిక్ కంటితో చూద్దాం. బండి ఎందుకు ఆగింది, తడిగుడ్డ ఎందుకు పనిచేసింది. ఆ కారణం తెలిసిన ఇంట్లో పాత కారు ఇంకా నడుస్తుంది. తెలియని ఇంట్లో కవరు కింద ఎలుకలకు ఇల్లవుతుంది.

ముందు బండ్ల సంగతి క్లుప్తంగా. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా. బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివరి నుంచి 2014 దాకా తయారు చేశారు. మనం ఫియట్ అని పిలిచేది బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన 1100 బండి, 1974 నుంచి దాని పేరు పద్మిని. మద్రాసు మనకు దగ్గర కాబట్టి స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఈ పక్క ఇళ్లల్లో కనబడేది. 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది: 796 సీసీ, మూడు సిలిండర్లు. మొదటి మూడింట్లో రేడియేటర్ ఫ్యాను బెల్టుతో ఇంజన్‌కే కట్టి ఉంటుంది. మారుతిలో ఫ్యానుకు వేరే కరెంటు మోటారు, వేడెక్కితేనే తిరుగుతుంది. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరిచారు. దాదాపు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. 1970లలో రెండో ఘాట్ రోడ్డు వచ్చేదాకా ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందులోనే. ఇప్పుడది దిగడానికి, రెండోది ఎక్కడానికి. కాబట్టి మీ తాతగారి బండి మరిగిందంటే అది ఎక్కువగా మొదటి ఘాట్‌లోనే మరిగి ఉంటుంది, మలుపు మలుపుకూ వేగం చచ్చే రోడ్డులో.

మరగడానికి కొండ ఒక్కటే కారణం కాదు. ఎక్కేటప్పుడు డ్రైవరు 'ఇంజన్‌ను అరిపించకూడదు' అని పెద్ద గేర్లో, యాక్సిలరేటర్ నేలకు అదిమి, ఈడ్చుకుంటూ పోతాడు. ఇంజన్ లోపల మంట పూర్తిగా మండుతోంది. కానీ ఇంజన్ మెల్లగా తిరుగుతోంది కాబట్టి బెల్టు మీదున్న ఫ్యానూ, నీళ్ల పంపూ కూడా మెల్లగానే తిరుగుతున్నాయి. బండి వేగమూ లేదు, ఎదురుగాలీ లేదు. వేడి పెరిగింది, దాన్ని మోసుకుపోయేది తగ్గింది. అదే రెండో గేర్లో పోతే ఇంజన్ గట్టిగా తిరుగుతుంది, ఫ్యానూ పంపూ గట్టిగా తిరుగుతాయి, యాక్సిలరేటర్ సగమే నొక్కితే చాలు. ఇంజన్ అరుపు చెవికి కష్టంగా ఉంటుంది గానీ ఇంజన్‌కు కష్టం కాదు. బెల్టు ఫ్యాను ఉన్న మూడు బండ్లకూ ఇదే సూత్రం. ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఏసీ లేని బండిని ఎక్కించాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే తెల్లవారుజామునే బయల్దేరండి.

రెండో కారణం మన బోరు నీళ్లు. ఈ ప్రాంతంలో చాలాచోట్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ. బిందె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ, సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారిలోనూ కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. ఘాట్‌లో ఆగిన ప్రతిసారీ దొరికిన నీళ్లు పోస్తూ వచ్చిన బండికి ఇరవై ఏళ్లలో ఎంత పొర కడుతుందో ఊహించుకోండి. రేడియేటర్ విప్పించి, పై ట్యాంకు అతుకు కరిగించి, గొట్టాల్లో సన్నని కడ్డీ ఆడించి శుభ్రం చేయించాలి. మందు పోసి కడిగితే చాలని అనేవాళ్లున్నారు, కట్టిన పొర గట్టిదైతే అది పనిచేయదు. తర్వాత ఇక బోరు నీళ్లు పోయవద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో 30 నుంచి 50 శాతం కూలెంట్ కలిపి పోయండి. అది చలి కోసం కాదు, మనకు చలెక్కడుంది. తుప్పు ఆపడానికి, మరిగే స్థాయి పెంచడానికి.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు. మూత అంటే మూత కాదు, ప్రెషర్ వాల్వు. ప్రతి ఒక పౌండు ప్రెషర్‌కు నీళ్లు మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీ పైగా పెరుగుతుంది. తిరుమల ఎత్తులో మూత లేకుండా నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలో రబ్బరు వాషరు ఎండిపోతే ప్రెషర్ నిలవదు, బండి బాగున్నా మరుగుతుంది. ముందు మార్చాల్సిన సామాను ఇదే, చవకైనది కూడా ఇదే. కొనేటప్పుడు పాత మూత మీద ముద్రించిన అంకె చూసి అదే కొనండి. ఎక్కువ ప్రెషర్ మూత పెడితే పాత రేడియేటర్ అతుకులు తెగుతాయి.

ఫ్యాను బెల్టు రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్లు వంగాలి. అంతకన్నా వదులైతే జారుతుంది. బిగువైతే బ్యాటరీకి కరెంటు ఇచ్చే డైనమో బేరింగూ పంపు బేరింగూ అరుగుతాయి. థర్మోస్టాట్ తీసి పారేయడం మన షెడ్లలో పెద్ద ఆచారం. 'ఇది తీస్తే ఇక మరగదు సార్' అంటారు. అది చల్లటి ఇంజన్‌ను త్వరగా పనిచేసే వేడికి తెచ్చే వాల్వు. తీసేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే తిరిగి, పెట్రోలు ఎక్కువ తాగి, సిలిండర్ లోపలి గోడ త్వరగా అరుగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి, అందులో దాన్ని దారంతో వేలాడదీసి కాచండి. 80 దాటాక తెరుచుకోవడం మొదలుపెట్టి, మరిగేలోపు పూర్తిగా తెరుచుకుంటే అది బాగానే ఉంది.

మరిగిన బండి దగ్గర ఏం చేయాలి. మూత తీయకండి, మొహం మీదికి వస్తుంది. పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ఆవిరి మాత్రమే వస్తుంటే, నీళ్లు పూర్తిగా పోకపోతే, ఇంజన్‌ను కాసేపు మెల్లగా తిరగనివ్వండి. నీళ్లన్నీ పోయి ఉంటే వెంటనే ఆపండి. కనీసం అరగంట తర్వాత, మందపాటి గుడ్డతో మూత సగం తిప్పి ప్రెషర్ వదిలి, అప్పుడు తీయండి. ఎర్రగా కాలిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు ఒక్కసారి పోస్తే సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు చీలుతుంది, లేదా వంగుతుంది. హెడ్డు వంగితే దాని కింద సందు మూసే గాస్కెట్ పోతుంది, ఇక ఆ బండి ప్రతి ఎండాకాలం మరుగుతూనే ఉంటుంది. మారుతిలో హీటరు ఉంటే దాన్ని పూర్తి వేడి మీద, బ్లోయర్ పూర్తి వేగం మీద పెట్టండి. లోపలున్నవాళ్లు ఉడుకుతారు గానీ ఇంజన్ బతుకుతుంది. మారుతి ఘాట్‌లో మరిగితే ముందు చూడాల్సింది ఆ కరెంటు ఫ్యాను తిరుగుతోందా లేదా అనే. ఫ్యూజు, తర్వాత రేడియేటర్‌కు బిగించిన వేడి స్విచ్చు. ఆ స్విచ్చు రెండు వైర్లను కలిపి తగిలిస్తే ఫ్యాను తిరిగితే, పోయింది స్విచ్చే.

ఇక తడిగుడ్డ కథ. ఫియట్‌కూ అంబాసిడర్‌కూ పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే బిగించి ఉంటుంది. వెనక ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చుకోవాలి. పీల్చే పైపులో ఒత్తిడి తక్కువ. పెట్రోలులో తేలికపాటి భాగం 40 డిగ్రీల లోపే ఆవిరవడం మొదలవుతుంది, పైగా పక్కనే ఇంజన్ వేడి. పైపులో పెట్రోలు బదులు ఆవిరి నిండుతుంది. పంపు ద్రవాన్ని తోస్తుంది గానీ ఆవిరిని తోయలేదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే కార్బరేటర్ ఎండిపోయి బండి ఆగుతుంది. తడిగుడ్డ పంపును చల్లబరుస్తుంది, ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. అంతే, మంత్రం లేదు.

కానీ ఇక్కడ ఒక తికమక ఉంది. ప్లగ్గుల నిప్పుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ వేడికి పాడైనా బండి ఇలాగే ఆగి, పావుగంట చల్లారాక ఇలాగే లేస్తుంది. తడిగుడ్డ వేసి పావుగంట కూర్చున్నవాడు 'గుడ్డ పనిచేసింది' అనుకుంటాడు, లేచింది కాయిల్ చల్లారి. ఏడాదంతా గుడ్డ వేస్తూనే ఉంటాడు. తేడా తెలియాలంటే ఆగిన నిమిషంలోనే చూడాలి. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరుకే తగిలించి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజన్‌కు ఆనించి, ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారతో పట్టుకుని, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. చుట్టూ పెట్రోలు చిందకుండా ఉందో లేదో ముందే చూసుకోండి. నీలం రంగు నిప్పు గట్టిగా పడితే తప్పు పెట్రోలుది. పసుపుపచ్చగా, బలహీనంగా పడితే కాయిల్, కండెన్సర్, డెల్కోలో (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డబ్బాలో) కరెంటు కలిపి విడదీసే పాయింట్లు, వీటిలో ఒకటి. అంబాసిడర్‌లో పాయింట్ల సందు 0.38 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, ప్లగ్గుల సందు 0.6. పాయింట్లు నల్లబడి గుంటలు పడుతుంటే కండెన్సర్ మార్చండి. పాయింట్లు మాత్రమే మారిస్తే నెలకోసారి మారుస్తూనే ఉంటారు.

తప్పు నిజంగా పెట్రోలుదే అయితే గుడ్డ మోసుకు తిరగడం మానండి. పంపుకూ ఇంజన్‌కూ మధ్య వేడి పోనివ్వని ఫైబర్ మందం వాషరు వేయించండి. కానీ దానివల్ల పంపు తోసే కర్ర పొడవు సరిపోతోందో లేదో చూసి వేయించాలి. పెట్రోలు పైపు సైలెన్సర్ మ్యానిఫోల్డ్ పక్కగా పోతుంటే దూరంగా జరిపించండి. అప్పటికీ తగ్గకపోతే ట్యాంకు దగ్గర చిన్న కరెంటు పంపు వేయించండి. తోసే పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆవిరి కట్టదు. కరెంటు పంపు వేస్తే ఇంజన్ ఆగినప్పుడు పంపు కూడా ఆగేలా రిలే పెట్టించడం మరిచిపోవద్దు. ప్రమాదంలో పైపు తెగితే ఆ రిలేనే ప్రాణం కాపాడుతుంది.

ఎక్కడం గురించి ఇంతసేపు మాట్లాడాం, నిజానికి భయపడాల్సింది దిగడానికే. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగుతుంది, దిగేటప్పుడు తప్పు చేస్తే ఆగదు. అంబాసిడర్, ఫియట్ బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, కాలి బలాన్ని పెంచే బూస్టరు లేదు. బ్రేకు పట్టుకునే దిగితే డ్రమ్ము వేడెక్కి ఉబ్బుతుంది, షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. లైనింగ్ కాలి వాసన వస్తుంది, ఆ స్థితిలో పట్టు సగం కూడా ఉండదు. దానికి తోడు బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదాని ప్రమాణం 140 మాత్రమే. డాట్ 4 అయితే 230, 155. మరిగితే ఆయిల్లో బుడగలు, పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి పూర్తిగా మార్చండి, ఖర్చు ఎంతో కాదు.

ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి. తిరుమల ఘాట్‌లో దిగడానికి 40 నిమిషాలకన్నా తక్కువ పట్టకూడదన్న నిబంధన ఉంది కదా, 19 కిలోమీటర్లకు లెక్కేస్తే గంటకు 28, 29 కిలోమీటర్ల సగటు. రెండో గేర్ సరిగ్గా ఆ వేగానికే సరిపోతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో, ఇంజన్ ఆపి దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బూస్టరున్న బండిలో ఇంజన్ ఆపితే ఒకటి రెండు నొక్కుళ్లకే పెడల్ రాయి అవుతుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాకు పడుతుంది. దీనికి ఇంకేం చెప్పను.

హెరాల్డ్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకరు. మీకు ఒకే ఒక్క మాట. ముందు చక్రాలు తిరిగే కింది కీలు, ట్రనియన్ అంటారు, దానికి గ్రీజు పెట్టించకండి. అందులోకి పోవాల్సింది ఈపీ 90 గేరు ఆయిల్. గ్రీజు గట్టిపడి మరల్లోకి పోదు, లోపల తుప్పు పట్టి ఒకరోజు చక్రం పక్కకు పడిపోతుంది. గ్రీజు గన్నులో ఆయిల్ నింపి కొట్టండి. అంబాసిడర్ ముందు కీళ్లకు మాత్రం గ్రీజే, చక్రాలు గాల్లోకి ఎత్తి కొట్టాలి. బరువు మీదుంటే గ్రీజు పోవాల్సిన చోటికి పోదు.

ఇప్పుడు మీరందరూ అడగడానికి వచ్చిన విషయం. ఐదేళ్లో, పదేళ్లో షెడ్డులో నిలిచిన బండి. మనవడు సెలవులకు వచ్చి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడతాడు. దయచేసి కొట్టనివ్వకండి. (నవ్వులు) సిలిండర్ గోడల మీద నూనె పొర ఎప్పుడో కారిపోయింది, రింగులు గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. సెల్ఫ్ మోటారు బలానికి రింగు విరుగుతుంది.

అన్ని ప్లగ్గులూ విప్పండి. ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్, 10 మిల్లీలీటర్లు చాలు. ఒక రోజంతా వదిలేయండి. తర్వాత చేత్తో తిప్పండి: అంబాసిడర్‌కు ముందున్న హ్యాండిల్‌తో, మిగతావాటికి ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ పట్టుకోకూడదు, ఎదురు తంతే మణికట్టు విరుగుతుంది. తిరగకపోతే బలం పెట్టకండి. మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. తిరిగిందంటే సగం గెలిచినట్టే.

పాత ఇంజన్ ఆయిల్ దించి ఫిల్టరు మార్చండి. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్‌కు 20డబ్ల్యూ50 రకం, సుమారు 4 లీటర్లు. మారుతికి రెండున్నర లీటర్ల పైచిలుకు. డిప్‌స్టిక్ చూసి పోయండి, డబ్బా చూసి కాదు. ఎస్‌యూ రకం కార్బరేటర్ ఉన్న బండి అయితే దాని నెత్తి మీది గొట్టంలో కూడా పలుచటి ఆయిల్ పోయాలి. అది ఎండితే యాక్సిలరేటర్ నొక్కగానే బండి దగ్గుతుంది, అందరూ కార్బరేటర్ పోయిందనుకుంటారు. ట్యాంకులో పాత పెట్రోలు పూర్తిగా దించేయండి. వార్నిష్ వాసన వస్తే ట్యాంకు విప్పి కడిగించక తప్పదు.

బ్యాటరీ పెట్టే ముందు చూసుకోండి, చాలా పాత అంబాసిడర్లలో ప్లస్ వైరు బాడీకి కలిసి ఉంటుంది. ఇప్పటి అలవాటుతో మైనస్ కలిపితే డైనమో, దాని కరెంటును బ్యాటరీకి కలిపి విడదీసే కటౌట్ పోతాయి. ఆ తర్వాత కాయిల్ నుంచి డెల్కోకు వచ్చే మధ్య వైరు తీసి బాడీకి ఆనించి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి, నిమిషం ఆగి, మళ్లీ. ఆయిల్ దీపం ఆరిపోయేదాకా. ఆయిల్ పైకెక్కిందని తెలిశాకే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయాలి. మారుతి అయితే స్టార్టుకు ముందే టైమింగ్ బెల్టు మార్చండి. 'నలభై వేలే తిరిగింది సార్' అనొద్దు. రబ్బరు వయసు కిలోమీటర్లలో కాదు, ఏళ్లలో లెక్క.

తోసి స్టార్టు చేయడం గురించి: డైనమో ఉన్న పాత బండి బ్యాటరీ పూర్తిగా చచ్చినా తోస్తే కొన్నిసార్లు లేస్తుంది. డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉన్న బండికి బ్యాటరీలో కొంచెమైనా ప్రాణం ఉండాలి. ఎంపీఎఫ్ఐ మారుతిని, అంటే కార్బరేటర్ బదులు కంప్యూటరు పెట్రోలు చిమ్మించే బండిని, చాలా దూరం తోయకండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌ పైపులో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

ఇంజన్ మోగగానే రోడ్డెక్కించకండి. నాలుగు చక్రాలూ విప్పించి బ్రేకు సిలిండర్లలో రబ్బరు కప్పులు మార్పించండి, ఇవి అతుక్కుని ఉంటాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుంటే గేరు పడదు. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2318 అంటే 2018లో ఇరవై మూడో వారం. ఆరేళ్లు దాటిన టైరు గాళ్లు అరగకుండా కనబడినా ఘాట్‌కు పనికిరాదు. మద్రాసు బండి కొనుంటే ఉప్పుగాలి తుప్పు వెతకండి: తలుపుల అడుగున, స్టెప్నీ గుంటలో, ముందు సీటు కింది రేకులో. అయస్కాంతం అతుక్కోని చోట టింకరింగ్ వాడు పుట్టీ నింపాడు. సామాను కోసం చెన్నై జీపీ రోడ్డు, పాత విడిభాగాలకు పుదుపేట. పోయేటప్పుడు పాత ముక్క చేతిలో పట్టుకుపోండి, ఫొటో చూసి ఇచ్చినవి సరిపోవు.

వారానికోసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం మంచిదని చాలామంది నమ్మకం. అది చేయకపోవడమే మేలు. ఇంజన్ వేడెక్కకముందే ఆపితే మంటలో పుట్టిన నీటి ఆవిరి ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ చేరి నిలుస్తుంది. రెండు వారాలకోసారైనా సరే, పది పదిహేను కిలోమీటర్లు నడపండి.

ప్రశ్నలు అడగండి.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పోస్తే పాత బండికి ఏమవుతుంది? మూడు పనులు చేస్తుంది. పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రాన్ని ఉబ్బించి పగలగొడుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు దొరుకుతాయి, ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా అన్నీ మార్చండి, మంటకు సంబంధించిన విషయం ఇది. రెండోది, ట్యాంకులో ఏళ్లుగా కట్టిన మడ్డిని కదిలిస్తుంది, మొదటి నెలల్లో ఫిల్టరు తరచుగా మూసుకుంటుంది. మూడోది, అందులో శక్తి కాస్త తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ. కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని జెట్టు అంటారు, పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ప్లగ్గు తెల్లగా కాలి కనబడితే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. నిలవుంచే బండిలో మాత్రం ఈ పెట్రోలు నెలలు ఉంచకండి, నీళ్లు పీల్చి అడుగున విడిపోతుంది.

వాల్వులు త్వరగా కాలుతున్నాయి అంటున్నారు. సీసం కలిసిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. పాత హెడ్డుల్లో వాల్వు కూర్చునే చోటు మెత్తని ఇనుమే, సీసం పొర దాన్ని కాపాడేది. ఇప్పుడు వాల్వు లోపలికి దిగబడుతుంది, టాపెట్ సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ, తగ్గిపోతుంది. అంబాసిడర్‌కు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. సరిచేయించిన కొద్ది రోజులకే సందు మూసుకుపోతుంటే హెడ్డు విప్పించి గట్టి వాల్వు సీట్లు వేయించండి. సందు పెంచుకుంటూ పోవడం మందు కాదు.

బండి నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన లేరు. ఇది చాలా ఇళ్లల్లో ఉన్న సంగతే. యజమాని పోయిన 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. ఆలస్యమైతే జరిమానాతో అయినా చేయించుకోండి, డెత్ సర్టిఫికెట్, వారసత్వ ధ్రువపత్రం సిద్ధంగా పెట్టుకుని. ఆర్సీకి 15 ఏళ్లు నిండితే ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్. కారుకు 5,000 రూపాయలు, 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారుకు 10,000. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే ఉంది, 2021లో వచ్చింది. అది తీసుకునే ముందు ఆలోచించండి. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు, అంటే ఇంటిల్లిపాదీ కాణిపాకం పోయిరావడానికి కాదు.

రెన్యువల్ తనిఖీ రోజు ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు అడుగుతారు. పాత బండ్లలో అది తుప్పు, రంగు పొరల కింద దాక్కుని ఉంటుంది. ముందు రోజే కిరోసిన్ గుడ్డతో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్దండి. షెడ్డువాడు తొందరపడి గ్రైండర్ తీస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. అంకె ఒక్కటి చెరిగినా ఆ బండి మీదేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.